మూడో నియమం

మూడో నియమం దగ్గరికి వచ్చేసరికి జ్యోతిర్మయి వేళ్ళు ఆగిపోయాయి.

మొదటి రెండూ తడబాటు లేకుండా సాగాయి. కొత్తవారు మార్పు పంపితే వారం తిరిగేలోగా ఎవరో ఒకరు జవాబివ్వాలి. వద్దనుకుంటే ఎందుకు వద్దో కారణం రాయాలి. వీటిని కాదనే మనిషి ఉండడు. మూడోది కూడా సగం దాకా బాగానే నడిచింది: ఎవరు రాసిన మార్పును వారే ఆమోదించుకోరాదు, దాన్ని పూర్తిగా చదివిన మరొకరు ఒప్పుకున్న తరువాతే కలపాలి. దాని చివర ‘ఈ నియమం వ్యవస్థాపకుడికి కూడా వర్తిస్తుంది’ అని చేర్చింది. చేర్చి చెరిపింది. చెరిపిన చోటు మరీ బోసిగా కనిపించడంతో మళ్ళీ చేర్చింది. వ్యవస్థాపకుడు మరెవరో అయితే ఇంత తర్జనభర్జన ఉండేది కాదు. ఆయన వేణుగోపాల్, ఆమె తోడబుట్టిన అన్నయ్య.

క్వార్టర్ నిశ్శబ్దంగా ఉంది. గూడ్సు బండి నడిపి తెల్లవారాక ఇల్లు చేరిన ఆమె భర్త చంద్రమౌళి లోపలి గదిలో నిద్రపోతున్నాడు. లోకో పైలట్ పగటిపూట పడుకున్న ఇంట్లో కుక్కర్ పెట్టరు. అత్తగారు అప్పయమ్మ గిన్నెలో వండిన అన్నం వారుస్తూ, గంజి చప్పుడు కాకుండా ఒంపుతూ, కోడలి ముఖం వంక చూసింది.

“ఏటే, ఇందాకట్నించీ ఒక్క ముక్కే రాస్తన్నావు, తుడుస్తన్నావు. శుభలేఖేటి?”

“రూల్సు అత్తమ్మా. పిలుపు యాప్‌కి.”

“దానికి మీ అన్న ఉన్నాడు కదా. మళ్ళీ రూల్సెందుకు?”

అందుకే, అనబోయి జ్యోతిర్మయి ఊరుకుంది.

రైలు నడిపే సిబ్బందికి డ్యూటీ వేళ గడియారాన్ని బట్టి ఉండదు. బండి దిగినప్పటి నుంచి విశ్రాంతి లెక్క మొదలవుతుంది. ఆ విశ్రాంతి పూర్తయ్యే వేళకు మళ్ళీ డ్యూటీకి రమ్మని కాల్ వస్తుంది. సొంత ఊళ్ళో దిగితే విశ్రాంతి ఎక్కువ, పరాయి స్టేషన్‌లో దిగి అక్కడి సిబ్బంది బసలో, రన్నింగ్ రూంలో పడుకుంటే తక్కువ. ఆ లెక్క తనే కట్టి, కాల్‌కి కాస్త ముందుగా మనిషిని లేపే ఫోన్ యాప్ ‘పిలుపు’. లోకో షెడ్‌లో ఇంజనీరుగా పనిచేసే వేణుగోపాల్ దాన్ని డ్యూటీ తరువాతి వేళల్లో రాసి, లోపలి రాతనంతా, అంటే కోడ్‌ను, నెట్‌లో బహిరంగంగా పెట్టాడు. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా మార్పు రాసి పంపవచ్చు. పంపినదాన్ని పరిశీలించి కలుపుకోవడమో తిప్పి పంపడమో చేసే నిర్వాహకులు పదకొండు మంది. వాళ్ళలో ఎక్కువమంది హిందీ మాట్లాడే ఈ ఊరి రైల్వే కాలనీలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు, ఒకరికొకరు బావలు, వదినలు, పినతల్లి బిడ్డలు.

వేణుగోపాల్ పోను మిగిలిన పదిమందికీ ఒక అలవాటు ఉంది. అన్నయ్య మార్పు పంపాడని ఫోన్ మోగగానే ఒకరి వెనక ఒకరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, దాని కిందనే ఆమోదం బొత్తాం నొక్కుతారు. పెళ్ళిలో పెద్దాయన ఎదురైతే కాళ్ళకు దండం పెట్టినట్టు. ఎవరు ఆలస్యం చేస్తే వాళ్ళకు అది లోటు. జ్యోతిర్మయి ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

రెండు నెలల క్రితం భవిత అనే పేరుతో ఒక మార్పు వచ్చింది. పరాయి స్టేషన్‌లో దిగిన మనిషికి ఫోన్ సిగ్నల్ అందకపోతే, యాప్ అతన్ని ఇంట్లోనే దిగినట్టు లెక్కకట్టి విశ్రాంతి ఎక్కువ చూపిస్తోందని, లేపవలసిన వేళకు లేపడం లేదని రాసి, సవరణ కూడా జతచేసింది. ఆ సవరణ అలాగే పడి ఉంది. ఈలోగా జ్యోతిర్మయి పినతండ్రి కొడుకు సూర్యం బొత్తాల రంగు ఆకుపచ్చకు మార్చి పంపితే, అది టీ చల్లారేలోగా కలిసిపోయింది. చివరికి భవిత సవరణకు వేణుగోపాల్ నుంచి రెండు మాటల జవాబు వచ్చింది: అవసరం లేదు. దాంతో అది మూతపడింది.

భవిత దుర్భాషలాడలేదు. అందరూ చూసే చోట నాలుగు వాక్యాలు రాసింది. నా సవరణ తప్పయితే తప్పెక్కడో చెప్పండి. తెలుసుకుంటాను. కారణం లేకుండా మూసేస్తే నేను తెలుసుకునేది ఏమీ ఉండదు. నా తరువాత వచ్చేవాళ్ళు కూడా తెలుసుకునేది ఏమీ ఉండదు. దాని కింద ఎక్కడెక్కడి డివిజన్ల నుంచో సిబ్బంది పిల్లలు, భార్యలు తమ సంగతులు కూడా రాశారు. ఇలాగే ఉంటే ఈ రాతను పట్టుకుపోయి వేరే యాప్ పెట్టుకుంటామన్నవాళ్ళూ ఉన్నారు. వేణుగోపాల్ ఉదారంగానే స్పందించాడు. రూల్సు కావాలంటే పెట్టుకుందాం, మా చెల్లెలు రాస్తుంది, ఓపికమంతురాలు, అన్నాడు. నియమాలు తేలేదాకా ఏ మార్పునైనా యాప్‌లో కలిపే చివరి బొత్తాం ఆమె దగ్గరే ఉండాలని నిర్వాహకులందరూ ఒప్పుకున్నారు.

అలా ఆ బొత్తాం ఆమె చేతికి వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఆమెకు ఆకలి సరిగా లేదు.

ఆ సాయంత్రం వేణుగోపాల్ షెడ్ నుంచి నేరుగా వచ్చాడు. గోల్ బజార్‌లో కట్టించిన సమోసాల పొట్లం అప్పయమ్మ చేతికిచ్చాడు.

“ఏటత్తయ్యా, మోకాళ్ళు ఎలగున్నాయి?”

“నా కూడానే ఉన్నాయి నాయనా. ఎక్కడికెల్తాయి?”

ఆయన నవ్వి, కుర్చీ జరుపుకుని, చెల్లెలు పంపిన ముసాయిదాను ఫోన్‌లో పైకి చదివాడు. మొదటి నియమానికి తల ఊపాడు. రెండోదానికి “సహీ హై” అన్నాడు. మూడోది పైకి చదవలేదు. కళ్ళతో చదివి, ఫోన్‌ను మోకాలి మీద బోర్లించాడు.

“జ్యోతీ, ఇది నాకేనేటి?”

“అందరికీ అన్నయ్యా.”

“అందరికీ అన్నది పైనే ఉంది కదా. కింద నా గురించి వేరేగా రాసేవు.”

“రాయకపోతే, నువ్వు తప్ప అందరికీ అనుకుంటారు.”

వేణుగోపాల్ పొట్లంలోంచి ఒక సమోసా తీసి, తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు. “అచ్ఛా. పెట్టుకో. సోమారం నుంచి పెట్టుకో. ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో కొత్తది చూపిస్తానని సెక్రటరీ బంగార్రాజుతో చెప్పీసేను. స్టాఫంతా ఫ్యామిలీలతో వస్తన్నారు. ‘ఇంటి కబురు’ పంపేను కదా, చూసేవా? మనిషెక్కడ దిగేడో, మళ్ళీ ఎప్పుడు కాల్ పడుద్దో ఇంట్లోవాళ్ళ ఫోన్లో కనిపించీస్తాది. అందరూ అప్పుడే ఒప్పుకున్నారు. నువ్వొక్కర్తివీ నొక్కితే బస్, అయిపోద్ది.”

“సోమవారం పెట్టే రూలు ఆదివారం లేకపోతే, అది ఎవరికోసం ఆగిందో అందరికీ తెలిసిపోద్దన్నయ్యా.”

“తెలిస్తే ఏటి?”

ఆమె జవాబిచ్చేలోగా లోపలి గది తలుపు తెరుచుకుని చంద్రమౌళి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. ఏ మాట నుంచి విన్నాడో తెలియదు.

“బావా, నా ఇంజన్లో కొత్తగా వొచ్చిన అసిస్టెంటు పిల్లుంది. సిగ్నలు కనపడగానే ఆ పిల్ల పైకి చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి. నేను పచ్చ అంటే, కాదు సార్ పసుపు అనాలి. నా మీద గౌరవంతో ఊరుకుందనుకో, ఇద్దరికీ మెమో.”

“బండి వేరు బావగారూ. అక్కడ ప్రాణాలు. ఇది అలారం.”

“ఆ అలారం పెట్టుకునే కదా నేను పడుకునేది” అని చంద్రమౌళి నవ్వి, సమోసా అందుకున్నాడు.

వేణుగోపాల్ నవ్వలేదు. చేతిలోని సమోసాను పొట్లంలోనే పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, చెల్లెలి వైపు చూడకుండా అన్నాడు: “శనారం సాయంత్రం దాకా చూస్తాను. బయటోళ్ళు ఏటన్నా పట్టించుకోను జ్యోతీ. నువ్వు వాళ్ళ పక్కన నిలబడి నన్ను చూస్తావనుకోలేదు.”

మరునాడు చంద్రమౌళికి కాల్ వచ్చింది. అతనికి డబ్బా కట్టి పంపి, జ్యోతిర్మయి తన కోల్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. మధ్యాహ్నం భోజనం మానేసి ‘ఇంటి కబురు’ తెరిచింది. అన్నయ్య పంపిన మార్పులు తెరవడం కొత్త కాదు. ఆమోదం బొత్తాం దాకా జారిపోవడానికి ఎన్నోసార్లు తెరిచింది. ఈసారి పైనుంచి చదవబోయింది. మొదటి పేజీ అర్థమైంది. రెండోదానిలో విశ్రాంతి లెక్క మొదలైన దగ్గర నుంచి ఆమెకు పట్టు తప్పింది. అన్నయ్య పాత లెక్క మీద కొత్త లెక్క, దాని మీద మరొకటి, మేడ మీద మేడలాగా ఉంది. పునాది ఎక్కడుందో తెలియలేదు. ఆ మేడ కింద వరసగా జోడించిన చేతులు. సూర్యం ఏకంగా మూడు జతలు పెట్టాడు.

ఆ చేతుల్లో ఎవరి రెండు కళ్ళు ఈ రాత మీదకు వెళ్ళాయో తెలుసుకునే దారి లేదు. చదివి సరే అనగల మనిషి కావాలంటే, ఈ లెక్కలోకి ఎప్పుడో దిగి ఉన్న మనిషి కావాలి. అటువంటిది ఒక్కర్తే కనిపించింది. అన్నయ్య మూసిన తలుపు బయట నిలబడ్డ మనిషిని పిలిచి, లోపలి ఇల్లు సరిగా ఉందో లేదో చూసి చెప్పమనడం ఎంత విడ్డూరమో జ్యోతిర్మయికి తెలియకపోలేదు. ఆమె ఒప్పుకోకపోతే ఒక చిక్కు. ఒప్పుకుని పగ తీర్చుకుంటే మరొక చిక్కు. చాలాసేపు తటపటాయించి భవితకు సందేశం పంపింది.

జవాబు ఆఫీసు వదిలే వేళకు వచ్చింది. “ఫోన్ల వద్దు. ముఖం చూసి మాట్లాడితే మంచిది. నేను బిల్హాలనే ఉంట. లోకల్ ఎక్కి రండి.”

ఎక్కడో పెద్ద నగరంలో కూర్చుని రాసే మనిషనుకుంది ఇన్నాళ్ళూ. లోకల్‌లో పోయేంత దూరమే.

శనివారం ఉదయం బిల్హా స్టేషన్‌లో దిగి, వరిపొలాల వైపు ఉన్న అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి భవిత గుమ్మంలోనే ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. చంకలో నిద్రకళ్ళ పాప. భర్త రవిచంద్ర గూడ్సు గార్డు. తెలంగాణ నుంచి ఇక్కడికి బదిలీ అయి ఏడాది కాలేదు. పెళ్ళికి ముందు ఆమె హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేసేది.

“కూసోండి. చాయ్ పెడ్త” అని, పాపను చాప మీద దింపింది. “మీరు వస్తనంటే నాకు భయమే అయింది. కొట్లాడనీకి వస్తుండ్రేమో అనుకున్న.”

“నాకూ భయమే వేసింది. మీరు తలుపు తీయరేమోనని.”

ఇద్దరూ నవ్వారు గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. జ్యోతిర్మయి వచ్చిన పని చెప్పింది. భవిత చాయ్ వడకట్టడం ఆపి విన్నది.

“అక్కా, ఒక మాట చెప్త, తప్పనుకోకుండ్రి. ఇప్పుడు నేను తప్పుందని రాస్తే పగతోని రాసిందంటరు. మంచిగుందని రాస్తే భయపడ్డదంటరు. నేనేం రాసినా నా మాటకు విలువ లేకుంట అయింది. రెండు ముక్కలు రాసి మూసేసినప్పుడే అయింది.”

జ్యోతిర్మయి ఆమె అందించిన చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. ముసాయిదాలో ఈ సంగతి లేదు. కొత్తవారికి జవాబు దొరకాలనీ పెద్దలకు పరీక్ష ఉండాలనీ ఆలోచించింది గాని, పరీక్షించేవారి మాట నిలబడాలంటే ఏం కావాలో ఆలోచించలేదు.

“మీ మాటని నమ్మమని నేను ఎవరినీ అడగను” అంది మెల్లగా. “మీరు ఏం చేసి చూసేరో వరసగా రాయండి. అదే పని సూర్యం చేసినా, మా అన్నయ్య చేసినా, మీకు కనిపించిందే కనిపించాలి. అలగ రాసినప్పుడు మీరెవరో, మీకేం కోపమో ఎవరికీ అక్కర్లేదు. అది నాలుగో రూలుగా పెడతాను. వద్దనే ప్రతివాళ్ళకీ.”

భవిత పాపను ఒళ్ళోకి తీసుకుంది. “గట్లయితే ఇంకోటి పెట్టుండ్రి. నేను తప్పు రాస్తే ఆ తప్పు జూపిచ్చే హక్కు ఆయనకు ఉండాలె. ఆడనే, అందరి ముందర. మీకు ఫోన్ జేసి కోప్పడుడు కాదు.”

“పెడతాను.”

“మీరు చదివిండ్రా, ఇంటి కబురు?”

“చదువుతున్నాను” అంది జ్యోతిర్మయి. అబద్ధం కాదు. తిరుగు లోకల్‌లో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఆ మాట నిజం కూడా కాదేమోననిపిస్తూనే ఉంది.

సాయంత్రమైంది. వేణుగోపాల్ పెట్టిన గడువు అదే. జ్యోతిర్మయి బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతూ, ఫోన్ వైపు చూస్తోంది. దీపాలు పెట్టే వేళకు అది మోగింది. భవిత పరిశీలన వచ్చింది, అందరికీ కనిపించేలా.

తిట్లు లేవు, వ్యంగ్యం లేదు. రవిచంద్ర పాత ప్రయాణం ఒకటి తీసుకుని, ఎక్కడ దిగినట్టు నమోదు చేసిందో, ఫోన్ సిగ్నల్ ఎప్పుడు ఆపిందో, ఏం కనిపించిందో వరసగా రాసింది. పరాయి స్టేషన్‌లో ఉన్న మనిషిని ‘ఇంటి కబురు’ ఇల్లు చేరినట్టు చూపిస్తోంది. పాత లెక్కలోని తప్పు కొత్తదానిలోకి కూడా వచ్చింది. పైగా ఇప్పుడు ఇంట్లోవాళ్ళకు కూడా తప్పుడు కబురు వెళుతుంది. సరిచేసేదాకా కలపవద్దని నా అభిప్రాయం. అంతకు పైన, కాల్ వచ్చిన వేళను రెండు ఫోన్లలో ఒకేసారి చూపించే భాగం గురించి విడిగా నాలుగు పంక్తులు ఉన్నాయి. అవి జ్యోతిర్మయి సరిగా చదవలేదు. ‘కలపవద్దు’ అన్న మాట దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది.

వెంటనే చంద్రమౌళికి ఫోన్ చేసింది. నిన్న వెళ్ళిన అతను ఒకచోట దిగి, అక్కడ మరో బండి ఎక్కి, ఈపాటికి ఇంకో పరాయి స్టేషన్‌లో దిగి ఉంటాడు. అలారం చేత్తో పెట్టుకోమని చెప్పాలి. అందుబాటులో లేదంది ఫోన్. మళ్ళీ చేసింది. అదే మాట.

ఈసారి ఫోన్ దానంతటదే మోగింది. వదిన ప్రసూన.

“ఏటి జ్యోతీ, బాగుందా? మీ అన్నయ్య అన్నం దగ్గర్నుంచి లేచి ఎల్లిపోయేరు. రేపు హాల్లో ఏ ముఖం పెట్టుకుని నిలబడతారు? బయటోళ్ళ చేత తప్పులు రాయించడానికి బిల్హా ఎల్లేవట. సూర్యం స్టేషన్లో చూసేడట.”

“తప్పులు రాయించడానికి ఎల్లలేదు వదినా. చదివించడానికి ఎల్లేను.”

“మత్లబ్ ఒకటే. మీ అన్నయ్య రాసిందాన్ని చదివేవాళ్ళు ఇంట్లో లేరేటి?” అని ఆమె పెట్టేసింది.

అప్పయమ్మ చేటను కోడలి ఒడిలోంచి తీసి పక్కన పెట్టింది. “పుట్టింటి గుమ్మం చేతులారా మూసుకుంటన్నావే. నానేటి సెప్పగల్ను? సదువుకున్నదానివి.” మళ్ళీ తనే, “నా కొడుకు తింటాడో లేదో ఆ స్టేషన్లో. నువ్వు తిను ముందు” అంది. జ్యోతిర్మయి తినలేకపోయింది.

ఆదివారం పొద్దున్న చంద్రమౌళి సందేశం వచ్చి ఉంది. “రన్నింగ్ రూం ఆయన తలుపు కొడితే లేచేను. టిఫిన్ లేదు. పరుగున డ్యూటీకి. నీ యాప్ ఇంకా పడుకోమంటంది.” చివర నవ్వు ముఖం పెట్టాడు. ఆమెకు నవ్వు రాలేదు, కాని ఊపిరి వచ్చింది.

సభ పదకొండింటికి. తొమ్మిది దాటకముందే గేటు చప్పుడైంది. వేణుగోపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు, గడ్డం మాత్రం గీసుకోలేదు. అప్పయమ్మ పలకరింపుకు తల ఊపి, మొన్నటి కుర్చీలోనే కూర్చున్నాడు. జ్యోతిర్మయి నిలబడే ఉంది. చెప్పవలసిన మాటలు రాత్రంతా పేర్చుకుంది: నియమం మనిషి మీద పెట్టలేదని, నువ్వు పెంచినదాన్ని కాపాడడానికే పెట్టానని. మాట్లాడే ముందు చంద్రమౌళి సందేశాన్ని ఆయనకు అందించింది. ఆయన చదివాడు. చదివి ఫోన్ తిరిగి ఇచ్చాడు. అదేమిటని గాని, ఒక్కసారే కదా అని గాని అనలేదు.

“దీనికి జవాబెలగ రాయాలి?” అన్నాడు.

“దేనికన్నయ్యా?”

“ఆవిడ రాసిందానికి. నాకు తెలీడం లేదు. పొద్దున్నించీ రాస్తన్నాను, తుడుస్తన్నాను.” తన ఫోన్ తీసి ఆమె వైపు తిప్పాడు. జ్యోతిర్మయి నిన్న దాటేసిన నాలుగు పంక్తులు అవి. “ఇది చూడు. రెండు ఫోన్లూ ఒకేసారి మోగే చోటు. ‘ఈ భాగం చాలా పొందికగా ఉంది, ఇలా చేయవచ్చని నాకు తోచలేదు, నేర్చుకున్నాను’ అని రాసింది. ఆ ముక్క రాయడానికి నాకు నెల్రోజులు పట్టింది జ్యోతీ. ప్రసూనకి సినిమా అని చెప్పి మానీసిన ఆదివారాలన్నీ అందులోనే ఉన్నాయి. మీరెవులూ ఏటీ అన్లేదు. అంటే, అది అంత మామూలుదేనేమో అనుకున్నాను.”

జ్యోతిర్మయి ఎదురుగా ఉన్న ముక్కాలి పీట మీద కూర్చుంది.

“పాత లెక్క సంగతి చెప్తాను, విను” అన్నాడు ఆయన. కోపం లేదు గొంతులో. షెడ్‌లో పాడైన ఇంజన్ దగ్గర, ఏ భాగం ముందు పోయిందో, దానివల్ల ఏది పోయిందో వివరించే గొంతు అది. “అది పెట్టినప్పుడు నాకే అనుమానంగా ఉండేది. సిగ్నల్ లేకపోతే ఏటవుద్దా అని. మీకు పంపేను. పదిమందీ ఒప్పుకున్నారు. నువ్వే ముందు ఒప్పుకున్నావు. పోన్లే, ఇంతమంది చూసేరు, నా అనుమానమే తప్పు అనుకుని ఒదిలీసేను. మళ్ళీ ఈ భవిత ఎవరో వొచ్చి, అక్కడే తప్పుందంటే, పదిమంది చూసిందాన్ని ఒక్కర్తి కాదంటాదేటి అనిపించింది. తెరవలేదు. మూసీసేను.”

కిటికీ అవతల షంటింగ్ ఇంజన్ ఒకటి పెట్టెలను నెట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆయన ఆగాడు.

“నువ్వు చూసేవు కదా అప్పుడు?”

చూశాననడం సులువు. అర్థం కాలేదనడం ఇంకా సులువు, అందులో మర్యాద కూడా ఉంది.

“లేదన్నయ్యా.”

“కొంచెమైనా?”

“లేదు. నువ్వు రాసేవని ఒప్పుకున్నాను.”

“సూర్యం?”

“తెలీదు. నేను ఒప్పుకున్న నిమిషానికి తనూ ఒప్పుకున్నాడు.”

వేణుగోపాల్ అరచేతిని తొడ మీద ఒకసారి రుద్దుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఒక హాలు నిండా మనుషులున్నారనుకుని మాట్లాడుతూ వచ్చి, దీపాలు వేసేసరికి కుర్చీలు ఖాళీగా కనిపించిన మనిషిలా ఉన్నాడు. అది చూడలేక జ్యోతిర్మయి తల దించుకుంది. భవితకు జరిగిన అన్యాయానికి అన్నయ్య అహంకారమే మూలమని ఈ నాలుగు రోజులూ నమ్మింది; ఆ అహంకారానికి అడ్డుకట్టగానే మూడో నియమం రాసింది. మూలం ఒక మెట్టు వెనక ఉంది. ఆయన మొదటి అనుమానం నోరు మూయించింది తన దండం. ఆ అనుమానం బతికి ఉంటే భవిత సవరణ వచ్చిన రోజునే ఆయన దాన్ని తెరిచి ఉండేవాడు. చంద్రమౌళి తిండి లేకుండా ఈ పొద్దున బండి ఎక్కి ఉండేవాడు కాదు. గౌరవమనుకుని ఆమె ఇచ్చిన ప్రతి ఆమోదమూ ఆయన్ను ఒంటరిని చేస్తూ వచ్చింది.

“ఆ రూలు మార్చాలి” అంది.

“ఏది, నాదా? ఉండనీ. బాగుంది.”

“నీది కాదు. నాది. ఒప్పుకునేవాళ్ళు ఏం చదివేరో, ఏది అర్థం కాలేదో రాయాలి. ఉత్తినే దండం పెడితే లెక్కలోకి రాదని రాయాలి.”

వేణుగోపాల్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. “సూర్యానికి పనేటీ ఉండదు ఇంక.”

అప్పయమ్మ వంటింట్లోంచి పళ్ళెంలో ఉప్మా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. “సభకెల్తన్నావా నాయనా? తినెల్లు.”

“ఎల్తానత్తయ్యా. బంగార్రాజుకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పీసేను, కొత్తది ఇవాళ లేదు, ఎందుకు లేదో నేనే వొచ్చి చెప్తానని. వాడు నన్ను బాగానే తిట్టేడు. సిగ్నల్ లేని చోట అలారం చేత్తో పెట్టుకోమని కూడా చెప్పాలి అందరికీ.” ఉప్మా పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టి, ఫోన్‌లో భవిత మూతపడ్డ సవరణను వెతికి తెరిచాడు. మళ్ళీ పరిశీలనకు పెడుతున్నానని, ముందు చదవకుండా మూసినందుకు చింతిస్తున్నానని ఒక్కో అక్షరం నొక్కుతూ రాశాడు. రాసినదాన్ని చెల్లెలికి చూపించలేదు, అందరూ చూసే చోట పెట్టేశాడు. “నేను చదువుతాను దీన్ని. కాని అది కూర్చునేది నా పాత లెక్క మీద. అది తెలీకుండా ఇది తెలీదు. నాది ఇంకొకరెవరైనా చదవాలి.”

జ్యోతిర్మయి లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చింది. ముక్కాలి పీటను కుర్చీ పక్కకు జరిపి, అన్నయ్య మొదటి లెక్కను మొదటి పంక్తి నుంచి తెరిచింది. నెమ్మదిగా చదువుతూ పోయింది. వేణుగోపాల్ పళ్ళెం అందుకుని ఒక ముద్ద తిని, గడియారం చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు. సభకు ఇంకా వ్యవధి ఉంది. ఆమె ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. చిన్నప్పటి నుంచీ ఆయనతో అనని మాట అది. అనడానికి కొంత ధైర్యం కూడదీసుకోవలసి వచ్చింది.

“అన్నయ్యా, ఇది నాకు అర్థం కాలేదు.”

ఆయన పళ్ళెం కింద పెట్టి, చేయి తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఎక్కడ?” అన్నాడు.